టెంటర్ వీధి వంతు

ఆ ఉదయం హేజెల్ పొయ్యి మీద ఓట్స్ జావ కలుపుతూ కిటికీలోంచి చూసేసరికి, ఎదుటి దీపస్తంభానికి ఒకతను పసుపు కాగితం కడుతున్నాడు. వాన సన్నగా పడుతోంది. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, రెండు పట్టీలతో బిగించి, అరచేత్తో ఒకసారి తట్టి చూసుకుని, నిచ్చెన చంకన పెట్టుకుని తర్వాతి స్తంభం దగ్గరికి వెళ్ళిపోయాడు.

“మళ్ళీ కట్టారు,” అంది హేజెల్.

బల్ల దగ్గర టోస్టుకి వెన్న రాసుకుంటున్న ఆమె అత్తగారు మేవిస్ తలెత్తలేదు. వెన్న అంచుల దాకా రాసింది. రాసిన చోటే మళ్ళీ రాసింది.

“ఏం రాశారో నువ్వే చెప్పెయ్యమ్మా,” అన్నాడు హేజెల్ భర్త డీన్, బూట్ల లేసులు కట్టుకుంటూ. “వాన్లో తడుస్తూ చదవడం ఎందుకు. మీ ఆఫీసు రాతేగా.”

“నేనేం మాట్లాడకూడదురా. నీకు తెలుసు.”

“టోస్టు గురించి మాట్లాడొచ్చా? దానికీ లాయర్ని అడగాలా?”

పదిహేనేళ్ళ ఫ్రేయా టీ తాగుతూ నవ్వబోయి, నానమ్మ ముఖం చూసి మానుకుంది.

మేవిస్‌కి డెబ్భై ఒక్క ఏళ్ళు. హాల్‌షా పట్టణ కౌన్సిల్‌లో ఇరవై ఆరేళ్ళుగా సభ్యురాలు. ఊళ్ళో ఏది కట్టాలో ఏది పడగొట్టాలో తేల్చే ప్లానింగ్ కమిటీలో పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. ఆ కమిటీలో ఓటు వేసేవాళ్ళు సభకు ముందు ఇంట్లోగానీ వీధిలోగానీ తమ అభిప్రాయం బయటపెట్టకూడదని నియమం. పెడితే ఓటు పోతుంది. అందుకే కాలువ పక్క పాత వీధులు పడగొట్టి కొత్త ఇళ్ళు కట్టే కాలువగట్టు పథకం మాట వచ్చినప్పుడల్లా ఆమె పెదవులు బిగించేది. మూడేళ్ళుగా ఆ ఇంట్లో అందరూ అన్నీ మాట్లాడుకున్నారు, ఆ ఒక్కటి తప్ప.

డీన్ వెళ్ళి చదివి వచ్చాడు. జుట్టు మీద వాన చినుకులు అలాగే ఉన్నాయి.

“మూడో దశ. పదమూడో తేదీ, గురువారం మధ్యాహ్నం రెండింటికి సభ. ఇటుకల రంగు, కిటికీల కొలతలు, ఏ వీధి ముందు ఏ వీధి వెనక. అన్నిటికంటే ముందు మనదే. టెంటర్ వీధి, ఒకటి నుంచి ముప్పై రెండు దాకా.”

“మనల్ని ఎక్కడ పెడతారంట?”

“మూరెండ్ కొండ మీది ఫ్లాట్లలో. ఎక్కడ ఏది ఖాళీ ఉంటే అక్కడ. నాలుగేళ్ళు. ఆ తర్వాత కొత్త ఇల్లు ఇస్తారంట. అప్పటికి మనం గుర్తుంటే.”

అతను టిఫిన్ డబ్బా తీసుకుని బస్సు డిపోకి వెళ్ళిపోయాడు. అక్కడ బస్సులకి బ్రేకులు బిగించడం అతని పని. మేవిస్ ఆ టోస్టు తినకుండానే లేచి తన ముందు గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

హేజెల్ గిన్నెలు కడుగుతూ వీధి వంక చూసింది. ముప్పై రెండు ఇళ్ళలో ఖాళీ అయిన తొమ్మిదింటికి తలుపులకీ కిటికీలకీ ఇనుప రేకులు కొట్టేశారు. రేకు కొట్టిన ఇంటి పక్క గోడ చలికాలం మంచులా చల్లగా ఉంటుంది. వాళ్ళ పడగ్గది గోడకి తడి ఎక్కి మూడేళ్ళయింది. “కూల్చే గోడకి పూత ఎందుకు,” అంటాడు డీన్. ఆ మాట తప్పని ఆమె ఎప్పుడూ అనలేకపోయింది. రెండుసార్లు ఇల్లు అమ్మకానికి పెట్టారు. చూడటానికి వచ్చినవాళ్ళు స్తంభం మీది కాగితం చదివి గేటు దగ్గరినుంచే వెనక్కి తిరిగారు. కొత్త తివాచీ వేయలేదు. పొయ్యి మార్చలేదు. ఫ్రేయా ఎనిమిదేళ్ళప్పుడు గోడకి అంటించిన పసుపు బాతుల కాగితం ఇంకా అలాగే ఉంది. పరీక్షలకి చదువుకునే పిల్ల ఆ బాతుల మధ్యే పడుకుంటోంది. ఉండటానికి లేదు, పోవడానికి లేదు. ఏడాది తర్వాత ఏడాది, ఇంట్లో ఏ పనికీ మొదలు పెట్టే రోజు రాదు.

దీనికి తోడు మూడేళ్ళ కిందట అత్తగారు వచ్చింది. తుంటి నొప్పి, ఒంటరిగా ఉండలేనంది. ముందు గది ఇచ్చేశారు. పెళ్ళయిన మొదటి ఏడాది నుంచీ హేజెల్ ఆమెను అమ్మా అనే పిలిచేది. అయినా ఆ గది తలుపు మూసినప్పుడల్లా ఇల్లు ఇంకొంచెం ఇరుకైనట్టు ఉండేది.

*

శనివారం పక్కింటి నసీమ్ వచ్చింది. ఒక చేతిలో మూత పెట్టిన గిన్నెలో పకోడీలు, ఇంకో చేతిలో కాగితాల కట్ట. వచ్చీ రాగానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

“కౌన్సిలరమ్మా, ఇదిగో. రెండువందల పన్నెండు సంతకాలు. మిల్లు వెనక వీధి వాళ్ళచేత కూడా పెట్టించాను. ఒకాయన కుక్క పేరు కూడా రాయమన్నాడు. కుదరదన్నాను.”

మేవిస్ కాగితాలు ఒక్కొక్కటి తిరగేసింది. ఆమె ముఖంలో సంతోషం కనిపించలేదు.

“నసీమ్, ఇలా కట్టగా ఇస్తే రెండువందల పన్నెండూ ఒక్క అభ్యంతరంగానే రాసుకుంటారు. ఎవరికి వాళ్ళు విడిగా ఉత్తరం రాయాలి.”

“ఒక్కటిగానా? నా మోకాళ్ళు అరిగేలా తిరిగాను నేను.”

“అందుకే చెప్తున్నా. ఇంకా టైముంది. రాయించు. మా ఇల్లు మాకు ప్రాణం అని రాయొద్దు, దాన్ని లెక్కలోకి తీసుకోరు. వెలుతురు, రోడ్డు రద్దీ, పిల్లల బడి దూరం, ఇవి రాయాలి.”

ఈ మాత్రం మాట్లాడింది కదా అని హేజెల్ ఆశ్చర్యంగా చూసింది. నసీమ్ మాత్రం పకోడీ ఒకటి నోట్లో వేసుకుని తేలిగ్గా చెయ్యి ఊపింది.

“పోనీలే. ఈ ఉత్తరాలూ అవీ మాకెందుకు. అక్కడ నీ చెయ్యి ఉందిగా. నీ చెయ్యి లేస్తే చాలు. మా ఆయన కూడా అదే అంటాడు, మన గోడ పక్కనే మన ఓటు నిద్రపోతోంది అని.”

మేవిస్ బల్ల మీద ఉన్న తన కుడిచేతిని మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది.

*

సభకి వారం ముందు అధికారుల నివేదిక బయటికి వచ్చింది. నూట నలభై పేజీలు. గ్రంథాలయంలో ఒక ప్రతి పెట్టారు. బళ్ళో పిల్లలకి మధ్యాహ్న భోజనం వడ్డించడం హేజెల్ పని. గురువారం కస్టర్డు గిన్నెలు కడిగేసి, ఏప్రను సంచిలో కుక్కుకుని నేరుగా అక్కడికి వెళ్ళింది. చదువుతుంటే సగం అర్థం కాలేదు. ఇరవై మూడో పేజీ అర్థమైంది.

పడగొట్టే విషయం ఏడేళ్ళ కిందటే సూత్రప్రాయంగా ఆమోదం పొందింది, ఇప్పుడు దాన్ని తిరిగి చర్చించే వీలు లేదు, ఈ సభ వివరాలనూ పనుల వరుసనూ మాత్రమే నిర్ణయించాలి అని రాసి ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఆనాటి తీర్మానం. మార్చి నెల. ప్రతిపాదించినవారు కౌన్సిలర్ ప్రాక్టర్. బలపరిచినవారు కౌన్సిలర్ శ్రీమతి ఎం. క్లెగ్.

హేజెల్ ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. ఏడేళ్ళ కిందటి మార్చిలో వాళ్ళు కొండ అవతలి ఊళ్ళో, చేపలు వేయించే కొట్టు పైన అద్దెకి ఉండేవాళ్ళు. టెంటర్ వీధి పేరే తెలీదు. ఆ సెప్టెంబరులో ఫోన్ వచ్చింది.

ఆ పేజీ నకలు తీయించుకుని ఇంటికి వచ్చింది. మూడు రోజులు పర్సులోనే ఉంచుకుంది.

ఆదివారం మధ్యాహ్నం గొడ్డుమాంసం రోస్టు, బంగాళాదుంపలు. రోస్టుతో తినే పొంగు రొట్టెలు, యార్క్‌షైర్ పుడ్డింగులు మాత్రం ఎప్పుడూ మేవిసే చేస్తుంది. అవి గోపురాల్లా పొంగి వచ్చాయి. ఫ్రేయా రెండు వేసుకుంది. డీన్ గ్రేవీ పోసుకుంటుంటే హేజెల్ ఆ కాగితం మడత విప్పి గ్రేవీ జగ్గు పక్కన పెట్టింది.

“ఇది మీరేనా అమ్మా? లేకపోతే హాల్‌షాలో ఇంకో ఎం. క్లెగ్ ఉన్నారా?”

మేవిస్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. కాగితం చదవలేదు.

“నేనే.”

డీన్ కాగితం లాక్కుని చదివాడు. రెండోసారి పెదవులు కదుపుతూ చదివాడు.

“మార్చిలో నువ్వు చెయ్యెత్తావు. సెప్టెంబర్లో ఫోన్ చేసి, టెంటర్ వీధిలో ఇల్లు అమ్మకానికి వచ్చింది, కొనెయ్యరా, ఆ వీధంతా బాగుచేస్తున్నారు అన్నావు.”

“బాగుచేస్తారనే అనుకున్నాను.”

“అంత రాసి ఉంటే?”

“అప్పుడు ఇలా రాయలేదు. పటం ఉంది. పడగొట్టేవి ఎరుపు, కొత్తవి నీలం. ఈ వీధి లేత ఆకుపచ్చ. పక్కన ‘వివరాలు తదుపరి దశలో’ అని ఉంది. అంటే ఇళ్ళు ఉంటాయా అని ఆఫీసర్ని అడిగాను. వివరాలు తర్వాత వస్తాయి అన్నాడు. నాకు జవాబు అందలేదు. మళ్ళీ అడగాలనుకున్నాను. అప్పటికే నాలుగు గంటలైంది. అందరూ కోట్లు తొడుక్కుంటున్నారు. పన్నెండేళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నదానికి పటం చదవడం రాదా అనుకుంటారని సిగ్గేసింది. చెయ్యెత్తాను.”

“సిగ్గేసింది,” అన్నాడు డీన్. “నీకు సిగ్గేసింది, ముప్పై రెండు ఇళ్ళు పోయాయి.”

“నాన్నా,” అంది ఫ్రేయా.

“నువ్వు తిను.”

ఎవరూ తినలేదు. హేజెల్ గొంతు తగ్గించి అడిగింది.

“సరే. అప్పుడు పొరపాటైంది. మరి పదమూడో తేదీన మీ ఓటు ఎటు?”

“నాకు ఓటు లేదు హేజెల్. నేనీ ఇంట్లోనే ఉంటున్నాను. సొంత ఇంటి సంగతి వస్తే సభ్యులు కుర్చీ వదిలి బయటికి పోవాలి. కొడుకు ఇల్లయినా అంతే.”

“అంటే వీధిలో అందరూ మీ చెయ్యి మీద ఆశ పెట్టుకుంటే...”

“లేదు. నా చెయ్యి లేదు.”

హేజెల్‌కి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక ఆమె చేతిలో ఫోర్కు పళ్ళెం మీద పడి చప్పుడైంది.

“అభిప్రాయం బయటపెట్టకూడదన్న నియమం ఓటు వేసేవాళ్ళకి కదా. ఓటే లేని మీకు ఆ నియమం ఎక్కడిది? మూడేళ్ళుగా పొద్దున్న ఇదే బల్ల దగ్గర లాయర్ పేరు చెప్పి మా నోళ్ళు మూయించారు. మిమ్మల్ని ఎవరూ ఆపలేదు కౌన్సిలర్ గారూ. మీరే చెప్పలేదు.”

పుడ్డింగులు చల్లారి మధ్యలో కుంగిపోయాయి.

డీన్ పళ్ళెం నెట్టేసి కోటు అందుకున్నాడు. “ఆ సభకి నేను రాను. నసీమ్ ముఖం ఎలా చూడాలో నాకు తెలీదు. నువ్వు చూసుకో,” అని తల్లితో అని బయటికి పోయాడు. అతను ఎటు వెళ్తాడో హేజెల్‌కి తెలుసు. కాలువ ఒడ్డున ఆ చివరిదాకా నడిచి, కంచె అడ్డం వస్తే వెనక్కి వస్తాడు. ఆ ఊళ్ళో కోపంగా నడవడానికి కూడా అంతే దూరం ఉంది.

*

మర్నాడు ఉదయం టీ కప్పు పట్టుకుని హేజెల్ ముందు గది తలుపు తట్టింది. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. మేవిస్ స్వెటర్లు మడత పెడుతోంది.

“ఎక్కడికి?”

“మా చెల్లెలి దగ్గరికి, కొన్నాళ్ళు. వాడు నన్ను చూడకుండా భోంచెయ్యాలి కదా.”

“వెళ్తే ఓటు తిరిగి వస్తుందా?”

“రాదు. వాడు నా కొడుకే కదా.”

హేజెల్ కప్పు కిటికీ గట్టు మీద పెట్టింది. రాత్రంతా ఆమెకి ఒక విషయం తెమలలేదు. ఇప్పుడు అడిగేసింది.

“మీ పాత ఇంట్లో ఒక్క మెట్టు కూడా లేదు. ఇక్కడ స్నానాల గది పైన ఉంది. తుంటి నొప్పి ఉన్న మనిషి మెట్లు లేని ఇల్లు వదిలి మెట్లున్న ఇంటికి ఎందుకు వచ్చింది?”

మేవిస్ మడతపెట్టిన స్వెటరు విప్పి మళ్ళీ మడిచింది.

“తుంటికి ఏమీ కాలేదు,” అంది. “మూడేళ్ళ కిందట కొత్త పటం వచ్చింది. లేత ఆకుపచ్చ ఎరుపైంది. ఆ వారమే నా అద్దె ఇంటి తాళాలు తిరిగి ఇచ్చేశాను. మిమ్మల్ని ఈ వీధికి తెచ్చింది నేను. మీరు సామాన్లు వీధిలో పెట్టుకున్న రోజు నేను నా ఇంట్లో వెచ్చగా కూర్చుని ఉండలేను. పోతే నాదీ పోవాలి.”

“చెప్పొచ్చు కదా.”

“మొదటి ఏడాది చెప్పాలనుకున్నాను. ఇంకా ఏదో దారి ఉంటుందేమో చూసి చెబుదామనుకున్నాను. రెండో ఏడాదికి దారి లేదని తెలిసింది. మూడో ఏడాదికి, ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలో తెలీలేదు.”

హేజెల్ మంచం అంచున కూర్చుంది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఇరుక్కుపోయింది తనొక్కతే అనుకుంది. తడిగోడ, బాతుల కాగితం, అమ్ముడుపోని గేటు, వీటిలో ఏ ఒక్కటి చూసినా ఈ మనిషికి ఇది నా పనే అని గుర్తొచ్చి ఉంటుంది. రోజూ పొద్దున్నే లేచి వాటి మధ్య కూర్చుని టోస్టు తిన్నది. కోపం పోలేదు. కానీ అది ఇదివరకటిలా సూటిగా నిలబడలేదు.

“ఆ సూట్‌కేసు మంచం కింద పెట్టండి,” అంది. “నసీమ్‌కి ఎవరు చెప్తారు?”

“నేనే. అందరికీ ఒకేసారి చెప్తాను. ఓటు లేకపోయినా, వీధిలో ఉండే మనిషిగా మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు. ఆ తర్వాత బయటికి పంపేస్తారు.”

“మూడు నిమిషాల్లో ఏం చెప్తారు? పడగొట్టొద్దని అడిగే వీల్లేదుగా.”

“లేదు. ఒక్కటే మిగిలింది.” మేవిస్ సొరుగులోంచి నివేదిక తీసింది. అంచులు అరిగి ఉన్నాయి. “ఏది ముందు, ఏది వెనక. వరుస. దాన్ని ఆ రోజే తేల్చాలి. అదొక్కటే వాళ్ళు కాదనగలరు.”

బడికి వెళ్ళేలోపు ఇద్దరూ సాధన చేశారు. గుడ్లు ఉడికించేటప్పుడు పెట్టే గడియారం పట్టుకుని హేజెల్ కూర్చుంది. మొదటిసారి అయిదున్నర నిమిషాలు పట్టింది.

“బాతుల కాగితం తీసెయ్యండి.”

“అది ఫ్రేయా గురించి.”

“మీరే చెప్పారుగా నసీమ్‌తో, ప్రాణాన్ని లెక్కలోకి తీసుకోరని.”

మేవిస్ పెన్సిలు తీసి ఆ వాక్యం కొట్టేసింది. కొట్టేసిన చోటు వంక చాలాసేపు చూసింది.

*

పదమూడో తేదీన టౌన్‌హాల్ మెట్ల మీద టెంటర్ వీధి అంతా ఉంది. డీన్ లేడు. లోపల సభ్యుల బల్ల గుర్రపు నాడాలా వంగి ఉంది. పదకొండు కుర్చీలు, పదకొండు పేరు పలకలు. మేవిస్ తన కుర్చీలో కూర్చుంది. నసీమ్ ఆమెకి కనబడేలా బొటనవేలు ఎత్తి చూపించింది.

కాలువగట్టు పథకం పేరు చదవగానే మేవిస్ లేచింది. తన పేరు పలకని బోర్లా తిప్పింది.

“అధ్యక్షా, ఈ విషయంలో నా సొంత ఇంటి ప్రయోజనం ఉంది. నేను పాల్గొనకూడదు.”

“కౌన్సిలర్ క్లెగ్ కుర్చీ ఖాళీ చేసినట్టు రాసుకోండి,” అన్నాడు అధ్యక్షుడు ప్రాక్టర్.

“ఏంటిది? ఎక్కడికి పోతోంది?” అంది నసీమ్. వెనక ఎవరో, “చూశావా, సమయానికి జారుకుంది,” అన్నారు. మేవిస్ జారుకోలేదు. నడిచి వచ్చి జనం వరుసలో హేజెల్ పక్కన కూర్చుంది.

జనంలోంచి మాట్లాడేవాళ్ళ జాబితాలో మూడో పేరు ఆమెది. మైకు పక్కన టైము చూపించే చిన్న దీపం ఆకుపచ్చగా వెలిగింది.

“నా పేరు మేవిస్ క్లెగ్. పద్నాలుగు, టెంటర్ వీధి. ఏడేళ్ళ కిందట ఇదే గదిలో ఈ పథకాన్ని బలపరిచింది నేను. పటం నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడ్డాను. మా వీధివాళ్ళకి ఈ సంగతి ఇప్పటిదాకా తెలీదు. మూడేళ్ళుగా వాళ్ళ టీ తాగుతూ నేను చెప్పలేదు.”

వెనక బెంచీలు కిర్రుమన్నాయి. ఆమె తిరిగి చూడలేదు.

“పడగొట్టొద్దని అడగను. ఆ తలుపు వేసినదాన్ని నేనే. వరుస మాత్రం ఇంకా మీ చేతిలో ఉంది. కాలువ పక్కన పాత గ్యాస్ కార్ఖానా జాగా పదకొండేళ్ళుగా ఖాళీ. నేల శుభ్రం చేయడం కూడా అయిపోయింది. ఇది మీ నివేదికలోనే తొంభై ఒకటో పేజీలో ఉంది. ముందు అక్కడ కట్టండి. ఆ ఇళ్ళ తాళాలు మా చేతికి వచ్చాకే మా ఇళ్ళు ముట్టుకోండి. ఇరవై మూడు కుటుంబాలు కొండెక్కి చెదిరిపోనక్కర్లేదు. పిల్లలు బడి మారనక్కర్లేదు. రోజూ కొండ మీదినుంచి వచ్చే బస్సులూ కార్లూ ఉండవు. అందరం ఒక్కసారే రోడ్డు దాటి ఆ ఇళ్ళలోకి వెళ్తాం.”

దీపం పసుపు అయింది.

“చివరిగా సభ్యులకి ఒక మాట. మీ ముందున్న పటంలో మీకు ఏదైనా అర్థం కాకపోతే అడగండి. జవాబు అందకపోతే మళ్ళీ అడగండి. టైమైపోయినా సరే, అందరూ కోట్లు తొడుక్కున్నా సరే, అడగండి.”

ఎరుపు వెలిగింది. ఆమె కాగితం మడిచి, ఎవరి వంకా చూడకుండా తలుపు వైపు నడిచింది. చర్చ మొదలయ్యేలోగా వెళ్ళిపోవాలని నియమం. ఈసారి నియమం నిజంగానే ఉంది.

హేజెల్ ఒక్క నిమిషం కూర్చుంది. ఓటు చూడాలి. తమ ఇల్లు ఎప్పుడు పోతుందో ఆ చేతులే చెబుతాయి. కానీ తలుపు అవతల ఆ మనిషి ఒక్కతే ఉంది. హేజెల్ సంచి తీసుకుని లేచింది.

నడవాలో పాత మేయర్ల పటాల కింద పొడుగాటి బెంచీ. మేవిస్ దాని ఈ చివర కూర్చుని ఉంది. ఆ చివర, నూనె మరకల డ్యూటీ బట్టల్లో, డీన్.

“రానన్నావుగా,” అంది హేజెల్.

“లోపలికి రాలేదుగా. తలుపు దగ్గరే నిలబడ్డాను.” అతను తన చేతులు చూసుకుంటూ మాట్లాడాడు. “అంతా వినబడింది.”

మేవిస్ అంది, “ఇంట్లో మొదట నీకు చెప్పాల్సింది. కాగితం బయటపడితేగానీ చెప్పలేదు.”

“పన్నెండేళ్ళప్పుడు సైకిలు పోగొట్టుకొచ్చి, నేను రెండు వారాలు చెప్పలేదు. గుర్తుందా? బడికి నడిచి వెళ్ళేవాణ్ణి.”

“గుర్తుంది. వాన్లో కూడా నడిచావు.”

“మీ ఇద్దరిదీ ఒకటే బుద్ధి,” అంది హేజెల్, వాళ్ళిద్దరి మధ్య ఉన్న ఖాళీలో కూర్చుంటూ. డీన్ కాస్త ఇటు జరిగాడు. మేవిస్ కూడా జరిగింది.

ఎవరో బయటికి రావడంతో తలుపు తెరుచుకుని లోపలి మాట ఒకటి వినిపించింది. అది కమిటీలో అందరికంటే చిన్నవాడి గొంతు. “క్షమించాలి అధ్యక్షా, నేను మళ్ళీ అడుగుతున్నాను. ఖాళీ జాగా ఉండగా మనుషులున్న వీధి ముందు ఎందుకు? నాకు జవాబు అందలేదు.” తలుపు మూసుకుంది. మేవిస్ కళ్ళు మూసుకుంది.

మూడు గంటల నలభైకి తలుపులు రెండూ తెరుచుకున్నాయి. మొదట నసీమ్ వచ్చింది. ఆమె ముఖం చూసి ఏమీ తెలుసుకోలేకపోయారు.

“ఆరుగురు కాదన్నారు, నలుగురు అవునన్నారు,” అంది డీన్‌తో, మేవిస్ వంక చూడకుండా. “ఆ వరుస వద్దన్నారు. గ్యాస్ కార్ఖానా జాగా ముందు పెట్టి, మన వీధి చివర పెట్టి, మళ్ళీ తీసుకురమ్మన్నారు. కొండ మీద ఫ్లాట్లు లేవు.”

“ఇల్లు పోతుంది మరి,” అంది మేవిస్ మెల్లగా.

“పోతుంది. అందరిదీ పోతుంది. ఒకేసారి పోతుంది.” అప్పుడు నసీమ్ ఆమె వైపు తిరిగింది. “ఏడేళ్ళు.”

“అవును.”

“నా సంతకాల కట్ట చూసి, ఒక్కటిగా లెక్కేస్తారు అన్నావు. నీ చెయ్యి లెక్కే లేదని చెప్పలేదు.”

“చెప్పలేదు.”

మేవిస్ లేచి నిలబడింది. సర్దిచెప్పడానికి నోరు తెరవలేదు. నవ్వడానికి ప్రయత్నించలేదు. ఆ ముఖం మీద అన్నాళ్ళూ బిగించి ఉంచింది ఏదో వదులైంది. అంత పెద్ద మనిషి, మేయర్ల పటాల కింద, కాళ్ళ దగ్గర సంచి పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. డీన్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, తన చేతుల నూనె గుర్తొచ్చి తీసేయబోయాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

వీధివాళ్ళు ఒక్కొక్కరే వాళ్ళని దాటుకుని వెళ్ళారు. కొందరు తల ఊపారు. కొందరు ఊపలేదు. నసీమ్ మాత్రం తన శాలువా రెండుసార్లు సర్దుకుని అక్కడే నిలబడింది.

“నాకు చాలా కోపంగా ఉంది,” అంది చివరికి. “ఇది ఒక్కరోజులో పోయేది కాదు. అందుకని, ఆ కొత్త ఇళ్ళు పంచేటప్పుడు నీది మా పక్కనే వచ్చేలా చూడు. తిట్టాలంటే ప్రతిసారీ నేను వీధి ఆ చివరికి నడవలేను.”